తొట్టెల గిరాకీ

ఆ సోమవారం పొద్దున మంగేశ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగడం, మేడమీది గదిలోకి వెళ్లి కంప్యూటర్ తెరవడం, తన వెబ్‌సైట్‌కు వచ్చేవాళ్ల మనసులో ఏముందో కనిపెట్టడం. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ పని తెమిలిపోతుందని అతని నమ్మకం. పెళ్లయి రెండేళ్లు దాటినా ఇంట్లో ఉన్న భార్య మనసులో మాటే పట్టుకోలేని మనిషికి ఇంత ధైర్యం ఎక్కడిదని అడగకూడదు. కంప్యూటర్ ముందు కూర్చున్న మగవాడికి అది దానంతట అదే వస్తుంది.

మొన్నటిదాకా అతను సోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే తమ భవాని పేట్‌లోనే ఒక కార్ఖానాలో తువ్వాళ్ల మగ్గాలు నడిపాడు. యజమాని సగం మగ్గాలు ఆపేశాక పని పోయింది. వీడియోలు చూసి నేర్చుకుని వెబ్‌సైట్ పెట్టాడు. ఇంటి సామాన్ల గురించి మరాఠీలో రాస్తాడు. ఏ కుక్కర్ నమ్మకమైనది, ఏ మిక్సీ ఊరంతా వినపడేలా మొత్తుకుంటుంది, ఇలాంటివి. ప్రతి వస్తువు కిందా ఒక లింకు ఉంటుంది. ఎవరైనా దాన్ని నొక్కి పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో ఆ వస్తువు కొంటే అతనికి కమీషన్ వస్తుంది. జనం వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు. కొన్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

ముంబై పక్కనున్న భివండిలో తెలిసినవాళ్ల మగ్గాల షెడ్డులో ఉద్యోగం ఒకటి అతని కోసం ఎదురుచూస్తోంది. భార్య తృప్తికి ఏడో నెల. కాన్పు అయ్యేలోపు వెబ్‌సైట్ మీద నాలుగు డబ్బులు కళ్లబడితే సరి, లేకపోతే భివండి బండెక్కుతానని తల్లి చంద్రభాగకు మాటిచ్చాడు. తృప్తి కూడా సరేనంది. సరేనని ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచింది. అది మంగేశ్ చూశాడు. పుట్టబోయే బిడ్డ మొదటిసారి బోర్లా పడినప్పుడు తను ఆ గదిలో ఉండాలని అతనికి ఎంత ఆశో, నోటితో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందని భయం.

వీడియోల్లో పాఠాలు చెప్పే ఒక గురువు, వచ్చినవాళ్లను లెక్కపెట్టడం కాదు, వాళ్లకేం కావాలో తెలుసుకోవాలని అన్నాడు. ఆ ముక్క మంగేశ్ గుండెకు తగిలింది. అందుకే ఆ సోమవారం తన వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్లు ఎక్కడ ఎంతసేపు ఉన్నారో వెతికి చూశాడు, చూసి కళ్లు నులుముకున్నాడు. వచ్చినవాళ్లంతా కుక్కర్లను, మిక్సీలను కన్నెత్తి చూడకుండా ఒకే పేజీ మీద వాలుతున్నారు. అది పిల్లల ఊయల పేజీ, వాళ్ల సందు భాషలో తొట్టెల. బొద్దుగా ఉన్న ఒక పిల్లవాడు ఊయలలో పడుకుని నవ్వుతున్న ఫోటో ఉంటుంది అక్కడ. ఒక్కొక్కరు గంట, రెండు గంటలు ఆ పేజీని వదలడం లేదు. పైగా వాళ్లందరి ఊరూ ముంబై అని చూపిస్తోంది.

ముంబై అనేసరికి మంగేశ్ నిటారుగా కూర్చున్నాడు. పెద్ద ఊరు, పెద్ద ఉద్యోగాలు, బిడ్డ కోసం ఎదురుచూస్తున్న జంటలు. గంటలకొద్దీ ఊయల చూస్తూ కూడా కొనడానికి చెయ్యి రావడం లేదంటే ఏదో అడ్డుపడుతోంది. అదేమిటో వాళ్లనే అడుగుదామని ఫోటో కింద ఒక ప్రశ్న పెట్టాడు. ఇంతసేపు చూస్తున్నారు కదా, ఎందుకు కొనడం లేదో మొహమాటం లేకుండా రాయండని.

మధ్యాహ్నానికి జవాబులు వచ్చాయి. అన్నీ శుభ్రమైన మరాఠీలో ఉన్నాయి. చూడొచ్చు గానీ కొనకూడదు, కాన్పు కాకముందు ఊయల ఇంట్లోకి తెస్తారా ఎవరైనా అని ఒకరు రాశారు. ఊయల తేవాల్సింది పుట్టింటివాళ్లు, ఆమాత్రం తెలియదా అని ఇంకొకరు మందలించారు. ఫోటోలో పిల్లవాడు ముద్దుగా ఉన్నాడు, ఇలాంటివే ఇంకో రెండు పెట్టమని మూడో మనిషి కోరిక. మంగేశ్ ఆశ్చర్యానికి అంతులేదు. భోజనాల దగ్గర తల్లికి ఆ సంగతి చెప్పాడు.

"ముంబైల గూడ మనలెక్కనే ఉన్నరమ్మా. మన పద్ధతులే పాటిస్తుండ్రు."

"మంచోళ్లే అయితరు తియ్యి," అని చంద్రభాగ అతని పళ్లెంలో ఇంకో జొన్నరొట్టె వేసింది. తృప్తికి నీళ్లు తాగుతుంటే పొలమారింది.

ఇంకొకరైతే అక్కడితో ఊయల మాట మరిచిపోయి తిరిగి కుక్కర్ల మీద పడేవారు. కానీ కొనేవాడు వద్దన్నాడంటే సగం ఒప్పుకున్నట్టేనని అదే గురువు ఇంకో వీడియోలో అన్నాడు. ఊయల తేవాల్సింది పుట్టింటివాళ్లయితే, రాయాల్సిందీ వాళ్లకే. మంగేశ్ సాయంత్రందాకా కూర్చుని కాబోయే తాతగార్ల కోసమని ఒక పెద్ద వ్యాసం రాశాడు. మీ అమ్మాయి అత్తింటివాళ్లు నోరు తెరిచి అడగరు, మీరే అర్థం చేసుకోవాలి అని మొదలుపెట్టాడు. దూలానికి చీర కట్టి ఊపే రోజులు పోయాయన్నాడు. కాన్పుదాకా ఆగితే ఆలస్యమైపోతుంది, ఇవాళే తెప్పించండి అని ముగించాడు. సొంత సంగతి కలిపితే చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుందని గురువు చెప్పాడు గనుక, చివర తన ఫోటో పెట్టి, కింద త్వరలో తండ్రి కాబోతున్న మంగేశ్, సోలాపూర్ అని రాసుకున్నాడు.

ఆ వ్యాసం చదివి తృప్తి మెట్లెక్కి పైకొచ్చింది. తలుపు పట్టుకుని నిలబడి, ఆ రాత ఎవరి కోసమని అడిగింది. ముంబైలో ఉన్న తాతల కోసమన్నాడు మంగేశ్. ఆమె ఏదో చెప్పబోయింది, అతని వెలుగుతున్న ముఖం చూసి దిగిపోయింది. మెట్లెక్కి ఆయాసపడిందనుకున్నాడు అతను.

రెండు రోజులు గడిచాయి. గురువారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే, మంగళవారం నాడే ఊయల ఒకటి అమ్ముడైనట్టు ఆలస్యంగా కనబడింది. అన్నిటికంటే ఖరీదైనది, దోమతెర, చక్రాలు ఉన్నది. మంగేశ్ మెట్లమీద రెండేసి చొప్పున దూకుతూ కిందికి వచ్చాడు. అరుగు మీద చంద్రభాగ, పక్కింటి యల్లమ్మ, మరికొందరు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ముంబైలో ఒకాయన తన వెబ్‌సైట్ చూసి ఊయల కొన్నాడని వాళ్లందరికీ చెప్పాడు. పండగొచ్చినా చావొచ్చినా ఆగని చేతులు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కొన్నరా? ఎవరు కొన్నరు?" అని యల్లమ్మ చుట్టూ చూస్తూ అడిగింది. ఆ అడగడంలో సంతోషం కంటే విచారణ ఎక్కువ వినబడింది. మంగేశ్‌కు అదేమీ పట్టలేదు. అందరి నోరూ తీపి చేస్తానని చెప్పి పాలకోవా పేడాల కోసం కొంతం చౌక్‌లోని మిఠాయి కొట్టుకు బయలుదేరాడు.

అతను అటు సందు మలుపు తిరిగాడో లేదో ఇటు డెలివరీ అబ్బాయి ఒక పెద్ద అట్టపెట్టె దింపాడు. చంద్రభాగ లోపలికి తెమ్మనబోయి పెట్టె మీద బొమ్మ చూసింది. బొద్దుగా నవ్వుతున్న పిల్లవాడు, వాడి కింద ఊయల. ఆమె రెండు చేతులూ చాచి గడపకు అడ్డంగా నిలబడింది. కడుపుతో ఉన్న కోడలు ఇంట్లో ఉండగా ఊయల గడప దాటడానికి వీల్లేదు. డబ్బు ముందే కట్టేశారు, వాపసు తీసుకుపోవడం తన పని కాదని ఆ అబ్బాయి పెట్టెను వాకిట్లో వదిలి వెళ్లిపోయాడు. పైన చూస్తే మబ్బు పట్టి ఉంది.

వానలో తడుస్తుందని యల్లమ్మ దాన్ని తన ఇంటి ముందుకు జరిపించింది. అరవై దాటిన మనిషి ఆమె. దారినపోయే ప్రతివారూ పెట్టె మీది బొమ్మను, యల్లమ్మను మార్చి మార్చి చూసి, ఆరోగ్యం బాగుందా అని అడగడం మొదలుపెట్టారు. నలుగురికి ఓపిగ్గా జవాబిచ్చి, ఐదో మనిషి నోరు తెరవకముందే ఆమె పెట్టెను ఎదురింటికి తోయించింది.

ఎదురింట్లో ఆ పూటే వాళ్లమ్మాయి కోమల్‌కు పెళ్లిచూపులు. పెట్టె మీద రంగుల చాదర్ పరిచి కిటికీ కింద ఒక మూలకు నెట్టారు. చూడ్డానికి చక్కటి బల్లలా కనబడింది. పెళ్లికొడుకు మేనత్త కాస్త భారీ మనిషి, నేరుగా వచ్చి దాని మీదే కూర్చుంది. పెట్టె కొంచెం కుంగింది, చాదర్ జారింది, ఊయల్లోని పిల్లవాడు పెళ్లివారందరినీ చూసి నవ్వాడు. ఇంకా పెళ్లి కాని పిల్ల ఉన్న ఇంట్లో ఊయల ఎందుకుందో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అందరూ అటుకుల పోహే తిన్నారు, చాయ్ తాగారు, తర్వాత చెబుతామని లేచిపోయారు.

దారిలో కలిసిన ప్రతివారికీ అమ్మకం సంగతి చెప్పుకుంటూ మంగేశ్ పేడాల పెట్టెతో ఆలస్యంగా తిరిగొచ్చేసరికి ఊయల నడివీధిలో ఉంది. దాని మీద ఎవరో గొడుగు తెరిచి పెట్టారు. చుట్టూ సందు మొత్తం నిలబడి ఉంది. కోమల్ తల్లి కళ్లు తుడుచుకుంటూ చంద్రభాగను నాలుగు మాటలంటోంది. మంగేశ్ ముందుగా పెట్టె మీది బొమ్మను గుర్తుపట్టాడు, తర్వాత వంగి చీటీ చదివాడు. కొన్నవారి పేరు రాజారాం అని ఉంది. ఊరు సోలాపూర్, పేట నీలం నగర్. అంటే తృప్తి తండ్రి, స్వయానా తన మామ.

పెట్టె చేరిందన్న కబురు ఫోనులో ఆలస్యంగా చూసుకుని బయలుదేరిన రాజారాం సరిగ్గా అప్పుడే స్కూటర్ దిగాడు. చంకలో ఒక గుడ్డ మూట ఉంది. తను పంపిన ఊయల వీధిలో గొడుగు కింద పడి ఉండటం చూసి అక్కడే ఆగిపోయాడు. ఆయన మాట ఎప్పుడూ పెద్దగా ఉండదు. ఆ రోజు ఇంకా చిన్నగా వచ్చింది.

"అడిగినవని తెప్పించిన అల్లుడా. తెచ్చినంక వాకిట్ల గూడ పెట్టుకోరా?"

"నేను నిన్ను అడగలే మామా. ముంబైల ఉన్న తాతలను అడిగిన."

"కింద నీ ఫోటో ఉన్నది. తండ్రి అయితున్న అని రాసినవ్. నీ పిల్లకు తాత ముంబైల ఉన్నడా?"

తృప్తికి తల్లి లేదు. తొలికాన్పు పుట్టింట్లో చేయాలి, చేయడానికి ఆడదిక్కు లేదని రాజారాం తలవంచుకుని కూతురిని ఇక్కడే ఉంచడానికి ఒప్పుకున్నాడు. ఆయన వంతుకు మిగిలింది ఒక్క ఊయలే. ఇరవై ఒకటో రోజున బిడ్డను అందులో వేసేటప్పుడు తనే తేవాలని, దానిలో పరవడానికి మెత్తటి నూలుతో చిన్న చాదర్ కూడా తన మగ్గం మీదే నేసి పెట్టుకున్నాడు. అల్లుడు ఊరందరికీ కనబడేలా ఫోటో వేసి మరీ అడిగాడనుకునేసరికి ఆయన మనసు విరిగింది. ఆ వేడిలోనే పేజీ కింద ఉన్న లింకు నొక్కేశాడు. భార్య బతికి ఉంటే ఆ చెయ్యి పట్టుకుని కాన్పు కానిమ్మని ఆపేది.

ముంబై వాళ్లెందరో ఆ పేజీ చూస్తున్నారని, వాళ్ల కోసమే రాశానని మంగేశ్ ఒట్టుపెట్టుకున్నాడు. అప్పుడు యల్లమ్మ చేతిలో ఉన్న చాట కింద పెట్టింది.

"ముంబై లేదు, ఏం లేదు బిడ్డా. అది మేమే."

తర్వాత తలా ఒక మాట కలిపి చెప్పారు. కొత్తగా దుకాణం పెట్టినప్పుడు అది బోసిపోకుండా నాలుగు రోజులు తమవాళ్లు వెళ్లి కూర్చోవడం ఆ సందులో ఆనవాయితీ. కొడుకు దుకాణం కంప్యూటర్‌లో ఉంది గనుక అక్కడే కూర్చోమని చంద్రభాగ అందరినీ బతిమాలింది. తృప్తి ఒక్కొక్కరి ఫోనులో ఆ పేజీ తెరిచిపెట్టింది. ఊయల పేజీయే ఎందుకంటే, నవ్వే పిల్లవాడి బొమ్మ కడుపుతో ఉన్న పిల్ల కళ్లబడితే మంచిదని. చూడటం మంచిది, కొనడమే కూడదు. పొద్దున చాటల ముందు కూర్చుంటూ ఫోన్లను నీళ్ల చెంబులకు ఆనించి పెట్టేవారు. వేళ్లకు తంబాకు అంటి ఉంటుంది కాబట్టి తెర ఆరిపోబోయినప్పుడల్లా యల్లమ్మ మోచేత్తో తట్టేది. వచ్చిన జవాబులన్నీ ఆ అరుగు మీద చెప్పినవే, తృప్తి రాసినవే. వాళ్ల ఫోన్ కంపెనీ ఎవరు ఎక్కణ్ణుంచి చూసినా ముంబై అని చూపిస్తుందన్న సంగతి మంగేశ్‌కు తర్వాత ఎప్పుడో తెలిసింది.

మంగేశ్ మెట్టు మీద కూలబడ్డాడు. పేడాల పెట్టె ఒళ్లో అలాగే ఉంది. అన్ని రోజులుగా సాయంత్రం కిందికి దిగి ఇవాళ ఇంతమంది వచ్చారని చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. ఎవరూ రాలేదన్నమాట, ఒక్కరు కూడా రాలేదన్నమాట అని గొణిగాడు. భివండికి ఫోన్ చేస్తానన్నాడు. తృప్తి నడుము పట్టుకుని మెల్లగా అతని పక్కన కూర్చుంది.

"ఎవ్వరు రాలేదా? గల్లి మొత్తం వచ్చింది. పని చేసుకుంట వచ్చింది. పొద్దుగూకితే ఇయ్యాల గింతమంది వచ్చిండ్రు అని నువ్వు చెప్తుంటవ్ కదా, గప్పుడు నీ మొఖం చూసేటందుకే చేసిన. నువ్వు భివండి పోతే నేను ఎవల మొఖం చూడాలె?"

మంగేశ్ తల ఎత్తలేదు. వీధిలో అందరూ చూస్తున్నారని కూడా మరిచిపోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రాజారాం గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు రాసేటివన్ని సదువుత నేను. కుక్కర్లయి గూడ. నా ఇంట్ల వండేటోళ్లెవరున్నరు? అల్లుడు రాసిండని సదువుత."

"తప్పయింది మామా," అన్నాడు మంగేశ్. రాజారాం సరేలెమ్మన్నట్టు చెయ్యి ఊపి, పేడా ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కోపం పోయిందనడానికి అది గుర్తు.

మనుషులు ఒకటయ్యారు గానీ పెట్టె మాత్రం వీధిలోనే ఉంది. వాపసు పంపితే ఉన్న ఒక్క బేరమూ రద్దవుతుంది. ప్రేమతో తెచ్చింది తిప్పి పంపితే తన పరువేమిటని రాజారాం. కాన్పు కానిదే గడప దాటనివ్వనని చంద్రభాగ. అన్నా, నీ మీద గౌరవం లేక కాదు, నీ మనవడి కోసమే అంటుందే తప్ప గడప దగ్గరి నుంచి జరగదు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి.

సందు చివర ఒంటిగదిలో ఉండే ఆరతి ఈ గోలంతా నిలబడి చూస్తోంది. ఆమె భుజం మీద నెల నిండిన కొడుకు ఏడుస్తున్నాడు. రేకుల కప్పుకు చీర కట్టే దూలం లేక పగలంతా వాణ్ణి ఎత్తుకునే ఉంటుంది. చేతులు పీకుతున్నాయో ఏమో, మొహమాటపడుతూనే అడిగింది.

"మీ పంచాయితీ తెగేదాక మావోణ్ణి దీంట్ల పండవెట్టనా అక్కా?"

యల్లమ్మ చంద్రభాగ వైపు చూసింది, చంద్రభాగ పెట్టె వైపు చూసింది. ఒక పిల్లవాడు హాయిగా పడుకుని లేచిన ఊయల కొత్త ఊయల కాదు. అలాంటిది అడిగి తెచ్చుకోవడం మంచిదే కూడా. పుట్టిన బిడ్డకు ఇంకొకరి పిల్లల పాతబట్టలు వేసినట్టే అది. ఆరతి కొడుకు పడుకుంటాడు, తర్వాత కాన్పయ్యాక అది తృప్తి దగ్గరికి వస్తుంది. తీర్పు అయిపోయింది.

యల్లమ్మ ఇంటి పంచలోనే పెట్టె విప్పారు. ఊయల గురించి పేజీలకు పేజీలు రాసిన మంగేశ్ దాన్ని తలకిందులుగా బిగించాడు. రాజారాం అల్లుణ్ణి పక్కకు జరిపి విప్పి మళ్లీ బిగించాడు. చివరికి చంకలోని మూట విప్పి చిన్న చాదర్ బయటికి తీశాడు. తన మనవడి కోసం నేసింది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత వంగి ముడతలు లేకుండా పరిచాడు. ఆరతి కొడుకు అందులో పడి రెండు ఊపులకే నిద్రపోయాడు. అంతమందీ గుసగుసలకు దిగారు. తృప్తి తండ్రి భుజానికి తల ఆనించింది.

ఆ నిశ్శబ్దంలో కోమల్ తల్లి ఫోన్ మోగింది. పెళ్లికొడుకు మేనత్త చేసింది. కోమల్ తల్లి దణ్ణం పెట్టుకుని ఫోన్ ఎత్తింది. పిల్ల నచ్చిందట, ఇక్కణ్ణుంచి ఇల్లు చేరకముందే ఆ మాట అనేసుకున్నారట. ఫోన్ చేసింది వేరే సంగతికి. ఆమె కూతురికి మొన్ననే కాన్పయింది, తను కూర్చున్న ఆ ఊయల ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని. అంత బరువు మోసి కూడా నిలిచింది కాబట్టి గట్టిదేనని ఆమె అభిప్రాయం. కోమల్ తల్లి ఏడుపు, కోపం రెండూ మరిచిపోయి మంగేశ్ వెబ్‌సైట్ పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పింది. సాయంత్రానికి రెండో ఊయల అమ్ముడైంది.

మంగేశ్ మర్నాడు తాతల వ్యాసం తీసేశాడు. మేడమీద కాకుండా అరుగు మీద, చాటల పక్కన కూర్చుని కొత్తది రాశాడు. కాన్పుకు ముందు చూడండి, కొనకండి అని మొదటి వాక్యం. బిడ్డ పుట్టాక ఏది తొందరగా ఇంటికి చేరుతుంది, ఏది ఒంటిగదిలో పడుతుంది, ఏది ఒక్క చేత్తో మడవచ్చు అన్నవన్నీ యల్లమ్మ, ఆరతి అడుగుతుంటే వెతికి రాశాడు. ఆ మేనత్తకు బంధువులు చాలామంది, వాళ్లకు పిల్లలూ చాలామంది. నెల తిరిగేసరికి బేరాలు మెల్లగా పుంజుకున్నాయి. భివండి నుంచి ఫోన్ వస్తే చంద్రభాగే ఎత్తి, మావాడికి ఇక్కడే పని చేతినిండా ఉందని చెప్పింది.

తృప్తికి ఆడపిల్ల పుట్టింది. రాజారాం ఇంకో చాదర్ నేసి తెచ్చాడు. ఇరవై ఒకటో రోజున ఊయల తెద్దామని వెళ్తే, ఆరతి కొడుకు అందులోంచి ఎత్తిన మరుక్షణం సందు అదిరేలా ఏడ్చాడు. ఎవరికీ వాణ్ణి కదిలించడానికి మనసొప్పలేదు. కాన్పయింది కాబట్టి ఇప్పుడు కొత్తది తెచ్చినా తప్పులేదని చంద్రభాగ అంది. మంగేశ్ తన పేజీ తెరిచి, తను రాసిందంతా చదివి, తన లింకే నొక్కి కూతురికి ఊయల కొన్నాడు.

సొంత లింకు మీద కొన్న వస్తువుకు కమీషన్ ఇవ్వడం కుదరదని దుకాణంవాళ్లు చాలా మర్యాదగా రాశారు.